మిరపకాయల దండ

మా అత్త పోయిన రెండో నెలలో షారోన్ ఒక కారం ప్యాకెట్టు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. షారోన్ మా చెల్లెలి కూతురు. మా నాన్నకి అక్క అయిన రాహేలమ్మ అత్త గుంటూరులో మొదలుపెట్టిన కారం వ్యాపారాన్ని కొన్నేళ్ళుగా తనే చూసుకుంటోంది. వచ్చీ రాగానే ప్యాకెట్టు బల్ల మీద పెట్టి, "మావయ్యా, దీని మీద ఒక అబద్ధం ఉంది," అంది. వ్యాపారంలో ఒకే ఒక్క అబద్ధంతో సరిపెట్టుకోవడం మాటలు కాదని మెచ్చుకోబోయి, ఆ పిల్ల ముఖం చూసి ఆగాను. ప్యాకెట్టు నాకు తెలియనిది కాదు. మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో మా అత్త ఫోటో. ఫోటో చుట్టూ ఎర్రటి మిరపకాయల దండ. దండ మీద అడ్డంగా, కొంచెం వంకరగా, ఊదారంగు అక్షరాల్లో, "నేను బతికే ఉన్నాను – రాహేలమ్మ." నలభై ఏళ్ళుగా ఆ మాట ఆ ప్యాకెట్టు మీద ఉంది. మొన్నటి వానల దాకా నిజంగానే ఉంది.

షారోన్ వచ్చింది ఆ ఒక్క మాట కోసమే కాదు. ప్యాకెట్టు మొత్తం మార్చాలని విజయవాడలో ఒక డిజైనర్‌ని పెట్టుకుంది. అతను మూడు నమూనాలు పంపాడు. మొదటి దాంట్లో మట్టికుండ, దాని మీద పొగ. రెండో దాంట్లో పట్టుచీర కట్టుకున్న అమ్మాయి రోకలి పట్టుకుని నవ్వుతోంది. పట్టుకున్న తీరు చూస్తే ఎవరో ఫోటో కోసం చేతికిచ్చి పక్కకి తప్పుకున్నట్టుంది. పైగా కారం దంచుతూ తుమ్మినవాళ్ళని చూశాను గానీ నవ్వినవాళ్ళని నేను చూడలేదు. మూడో దాంట్లో మా అత్తే ఉంది. దండ లేదు, ఆ మాట ఉంది గానీ ఊదారంగూ వంకరా లేవు, ముఖం మీద ముడతలు కూడా లేవు. ప్యాకెట్టు వెనక నల్లగళ్ళ చతురస్రం ఒకటి ఉంటుందట, ఫోను చూపిస్తే మా అత్త కథ వస్తుందట. ఆ కథ నన్ను రాసిపెట్టమంది. "నాలుగు లైన్లు చాలు మావయ్యా, ఎక్కువైతే ఎవరూ చదవరు," అంది, జీవితమంతా కాలేజీలో గంటకి తక్కువ మాట్లాడని మనిషితో. నాలుగు లైన్లు రాసిచ్చాను. అందులో పట్టనిది ఇది.

డిగ్రీ చదివిన రోజుల్లో నేను మా అత్త ఇంట్లో ఉండేవాణ్ణి. మా నాన్న పల్లెటూళ్ళో మిషన్ బడి టీచరు. మా ఊళ్ళో కాలేజీ లేదు, గుంటూరులో అత్త ఉంది. అత్తకి పిల్లల్లేరు, మామయ్య అప్పటికే పోయాడు. రెండు గదులు, ఒక వసారా, వెనక పెరట్లో రోలు. తెల్లవారుతూనే ప్రార్థన, ప్రార్థన అవుతూనే మిరపకాయలు. మిర్చి యార్డు నుంచి తెచ్చిన ఎండుకాయల్ని వసారాలో పోసి తొడిమలు తీయడం నా వంతు. రంగు పోయి తెల్లబడిన తాలుకాయల్ని ఏరెయ్యడం ఆవిడ వంతు, ఎందుకంటే ఆ పనికి నా కళ్ళ మీద ఆవిడకి నమ్మకం లేదు. తర్వాత కాయల్ని ఎండలో పరిచి, గలగలమనే దాకా ఉంచి, ముక్కూ నోరూ కప్పుతూ తుండుగుడ్డ కట్టుకుని రోకలి అందుకునేది. ఆ వేషంలో ఆవిడ్ని చూసిన కొత్త పోస్టుమాన్ ఉత్తరాలు గేటు దగ్గరే పడేసి వెళ్ళిపోయేవాడు. దంచేటప్పుడు చేతిలో పోసుకున్నంత ఆముదం చల్లేది, రంగు నిలవడానికి. జీలకర్ర, మెంతులు, వెల్లుల్లి, ఉప్పు, ఏది ఎంతో ఎక్కడా రాసిపెట్టలేదు. దంచడం అయ్యాక చేతులు మండుతుంటే మజ్జిగ గిన్నెలో ముంచుకుని కూర్చుని, ఆ రోజు కారం కోసం మళ్ళీ చిన్న ప్రార్థన చేసేది. మధ్యలో తుమ్ములు వచ్చేవి. దేవుడు అర్థం చేసుకునేవాడనే అనుకుంటాను.

ఇంత కారం దంచే మనిషి కారం ముట్టేది కాదు. కడుపులో పుండు. ఏళ్ళ తరబడి పెరుగన్నం, ఉప్పు వేసిన పప్పు, అంతే. వాసన చూసి మూడొంతులు చెప్పగలిగేది, మిగతా వంతు కోసం నా నాలుక ఉండేది. వేడన్నంలో నెయ్యీ కారమూ కలిపి ముద్ద నా ముందు పెట్టి, తీర్పు కోసం నా ముఖంలోకి చూసేది. "ఎట్టుందిరా అల్లుడూ?" అనేది. "బాగుంది అత్తా," అంటే ఒప్పుకునేది కాదు. "బాగుందని చుట్టాలు గూడా అంటారు. నువ్వు సంగతి చెప్పు," అనేది. నా బి.కాం.లో ప్రాక్టికల్స్ లేవు, ఇదొక్కటే చేశాను. నా చొక్కాలు, పుస్తకాలు, దుప్పటి, అన్నీ ఒకటే వాసన. క్లాసులో నా బెంచీ మీద నాకు కావలసినంత చోటు ఉండేది. ఎకనామిక్స్ లెక్చరర్ నా దగ్గరికి రాగానే తుమ్మేవారు, నా పేరు పిలవకుండానే హాజరు వేసేవారు.

కారాన్ని పాలిథిన్ కవర్లలో పోసి, కవరు మూతి మడిచి, కొవ్వొత్తి మంటకి చూపించి అతికించేవాళ్ళం. కవరు మీద పేరు లేదు, ఊరు లేదు. కారానికి పేరెందుకు, వాసన ఉందిగా అన్నది మా అత్త వాదన. శనివారం నాడు సంచుల్లో సర్దుకుని నేను బస్సెక్కేవాణ్ణి. పెదకాకానిలో ఒక కొట్టు, పొన్నూరులో రెండు, గుంటూరు సందుల్లో కొన్ని. నా సంచి ఎక్కగానే బస్సులో కిటికీలు తెరుచుకునేవి.

అట్లా పోతున్న రోజుల్లో ఒక కంపెనీ కారం వచ్చింది. తళతళలాడే ప్యాకెట్టు, మీద నవ్వుతున్న కుటుంబం, లోపల ఉచితంగా ఒక ప్లాస్టిక్ చెంచా. పొన్నూరులో మా పెద్ద కొట్టు శేషయ్యగారిది. ఆయన మంచి మనిషే గానీ చెంచాకి లొంగిపోయాడు. మా కవర్లు తక్కెడ పక్క నుంచి కింది అరలోకి, అక్కణ్ణుంచి ఫినాయిలు సీసాల వెనక్కి వెళ్ళాయి. "అమ్మ కారానికి వంక లేదు బాబూ," అన్నాడు ఒక శనివారం, పోయినసారి సరుకులో సగం తిరిగి నా సంచిలో పెడుతూ. "కానీ ఆడవాళ్ళు ముఖం ఉన్న ప్యాకెట్టే అడుగుతున్నారు. దీనికి ముఖం లేదు గదా?"

సగం సంచితో ఇంటికి వస్తే అత్త సంచి అందుకుంది. కవర్లు లెక్కపెట్టకుండా మూల పెట్టింది, అది ఆవిడ బెంగకి గుర్తు. ఆవిడకి తాడేపల్లిలో ఒక మరిది ఉన్నాడు. ఎప్పుడు వచ్చినా "మా ఇంట్లో గది ఖాళీగానే ఉంది వదినా, ఎందుకీ దంచుడు," అనేవాడు. మనస్ఫూర్తిగానే అనేవాడు, చిక్కంతా అక్కడే ఉంది. చెడ్డవాడైతే వద్దనడం తేలిక. ఆ రాత్రి అన్నం దగ్గర అత్త అంది, "వాళ్ళు నన్ను బాగానే చూసుకుంటార్రా. పొద్దున్నే కాఫీ ఇస్తారు. తర్వాత ఉల్లిపాయలిచ్చి కొంచెం తరిగిపెట్టమంటారు. చచ్చేదాకా ఒకళ్ళ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతా కూర్చోవాల." కంచం పక్కకి జరిపి, "ముఖం కావాలన్నాడా శేషయ్య? అయితే ముఖమే పెడదాం," అంది. ఈ కారం నిలబడకపోతే తాడేపల్లి గదే గతి అని మా ఇద్దరికీ తెలుసు. 

మా చర్చి సందు మొదట్లో ఆర్టిస్ట్ దావీదు కొట్టు ఉండేది. పెళ్ళికార్డులు, రిక్షా వెనక బొమ్మలు, స్కూలు ఆటల పోటీల బ్యానర్లు, అన్నీ చేసేవాడు. కానీ అతని పేరు నిలబెట్టింది మాత్రం జ్ఞాపకార్థ కూడికల కార్డులు. పోయినవాళ్ళ ఫోటోకి అతను చుట్టే పూల అంచు, తల వెనక పెట్టే వెలుగు చూసి, దుఃఖంలో ఉన్నవాళ్ళు కూడా కాసేపు ఆగి మెచ్చుకునేవాళ్ళు. "బతికున్నోళ్ళ బొమ్మ వేస్తే ముక్కు బాలేదంటారు, చెంప బాలేదంటారు. పోయినోళ్ళతో ఆ గొడవ లేదు," అనేవాడు. అతన్ని పిలిపించి సంగతి చెప్పాం. ఫోటో అడిగాడు. అత్త దగ్గర ఫోటో అంటూ ఉన్నది ఒక్కటే, స్త్రీల సమాజం గ్రూపు ఫోటో. అందులో ఆవిడ ఎవరో బాకీ ఎగ్గొట్టినట్టు చూస్తోంది. పక్కనున్నావిడ ప్రేమగా ఈవిడ భుజం మీద చెయ్యి వేసి ఉంది.

ఆ చెయ్యే కొంప ముంచింది. అత్తని గ్రూపు నుంచి కత్తిరిస్తే ఆ చెయ్యి మాత్రం భుజం మీద మిగిలిపోయింది. చీర గీసి కప్పుదామని చూశాడు, కుదరలేదు. మూడు రోజులు మథనపడి, నాలుగో రోజు దావీదు ఉత్సాహంగా వచ్చాడు. "దొరికిందమ్మా! మిరపకాయలు గుచ్చి ఒక దండ వేశా. చెయ్యి కప్పడిపోయింది. పైగా చదువు రానోళ్ళకి గూడా సరుకేందో తెలిసిపోద్ది," అన్నాడు. బొమ్మ చూపించాడు. ఎర్రటి కాయలు, ఒక్కొక్క కాయకి ఆకుపచ్చ తొడిమ, తల వెనక ఉదయిస్తున్న వెలుగు. అత్త కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. "కాయలు బాగా వేశావయ్యా. ఒక్క తాలుకాయ లేదు," అంది. నేను బొమ్మ కింద గుంటూరు అన్న మాట సరిగ్గా ఉందో లేదో చూశాను, ఉంది. ఇంట్లో గుమ్మానికీ, దూలానికీ, పెరట్లో తీగ మీదా ఏడాది పొడుగునా మిరపకాయలు వేలాడే మనుషులం. మాకు ఆ బొమ్మలో మిరపకాయలు కనిపించాయి. దండ కనిపించలేదు.

చీటీలు అచ్చయి వచ్చాయి, కట్టలు కట్టలుగా. ఒక్కో కవర్లో ఒక్కో చీటీ బయటికి కనపడేట్టు పెట్టి అతికించాం. శనివారం నేను తీసుకెళ్ళి కొట్లలో ఇచ్చి వచ్చాను. శేషయ్యగారు లేరు, కొట్లో పనిచేసే ఆయన తీసుకున్నాడు. మరుసటి శనివారం వెళ్ళేసరికి మా కారం ఫినాయిలు సీసాల వెనక లేదు. తక్కెడ పక్కన, అందరికన్నా ముందు, వరసగా పేర్చి ఉంది. వాటి ముందు ఒక అగరొత్తి వెలుగుతోంది. మార్కెటింగు ఇంత త్వరగా పనిచేస్తుందని మా పాఠ్యపుస్తకంలో కూడా రాయలేదు.

శేషయ్యగారు లేచొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఎట్టా జరిగింది బాబూ?" అన్నాడు. అచ్చు గురించి అడుగుతున్నాడనుకుని, "దావీదనీ మా సందులో ఆర్టిస్టండి, ఆయన చేతి చలవ," అన్నాను. ఆయన కొంచెం తికమకపడి, "మంచంలో ఏమన్నా ఉందా?" అన్నాడు. "ఎవరండీ?" అన్నాను. "అమ్మగారయ్యా." "అబ్బే, బాగానే ఉందండి," అన్నాను. "అంతే, అంతే. మంచాన పడి తీసుకోకుండా పోవటం గూడా అదృష్టమే," అని కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. అగరొత్తి వంక, దండ వంక, ఆయన కళ్ళ వంక చూశాక అప్పుడు నాకు ఆ బొమ్మ మొదటిసారి కనిపించింది. పొన్నూరు మొత్తానికి మా అత్త పోయి వారమైంది. ఆయన నన్ను మాట్లాడనివ్వలేదు. "అన్నీ అమ్ముడుపోయినయ్. ఆఖరి దంచుడంట గదా అని జనం రెండేసి పట్టుకుపోయారు. ఇంకేమన్నా మిగిలుంటే తెచ్చెయ్," అన్నాడు. ఏడుస్తున్న మనిషిని ఎక్కడ ఆపాలో తెలియక, సంచి ఖాళీ చేసి బస్సెక్కాను.

ఇంటికి వచ్చేసరికి పెదకాకాని నాంచారమ్మ మా మెట్ల మీద కూర్చుని శోకాలు పెడుతోంది. ఆవిడ గుడి దగ్గర పూలు అమ్మేది, మా కారం తప్ప వాడేది కాదు. ఒళ్ళో ఒక చేమంతి దండ. లోపల అత్త రోకలి పోట్ల మధ్య ఏమీ వినలేదు. పోట్లు ఆగాక ఏడుపు వినబడి, ముక్కుకి తుండుగుడ్డతో, మోచేతుల దాకా ఎర్రటి కారంతో తలుపు తీసింది. నాంచారమ్మ కెవ్వుమని కేక పెట్టి మూడు మెట్లు వెనక్కి దొర్లింది. అత్త గుడ్డ కిందికి లాగి, "ఏందే నాంచారీ, ఎవరు పోయారు?" అంది.

"నువ్వే!" అంది నాంచారమ్మ.

"నేనా? ఎవరు చెప్పారు?"

"నువ్వే గదమ్మా, ప్యాకెట్టు మీద దండేసుకుని!"

అత్త నా వంక చూసింది. నేను చీటీ తీసి చూపించాను. ఈసారి కళ్ళద్దాలు లేకుండానే కనిపించింది. మెట్ల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కారం చేతులతో కళ్ళు తుడుచుకుని, ఆ మంటకి ఏడ్చింది. నాంచారమ్మ ఎటూ ఏడుస్తూనే ఉంది. కాసేపటికి అత్త మజ్జిగ తెచ్చి ఇద్దరికీ పోసి, "దండ ఎందుకు పాడు చెయ్యటం," అని చేమంతుల్ని తెంపి ఒక ముక్క నాంచారమ్మ జడలో తురిమి పంపించింది.

సాయంత్రం మా పాస్టరు అయ్యగారు వచ్చారు. ఆయన దుఃఖంతో కాదు, అలిగి వచ్చారు. ఆదివారం పాటలు పాడిన మనిషి గురువారానికి ప్యాకెట్టు మీద దండతో కనపడితే, సమాధి కార్యక్రమానికి తనను పిలవలేదేమని ఆయన బాధ. గడపలో ఆవిడ్నే చూసి ఒక మెట్టు వెనక్కి దిగారు. సంగతంతా విని కాఫీ తాగాక తేరుకున్నారు. నేను పొన్నూరు కబురు చెప్పాను. సరుకంతా అయిపోయిందని, తక్కెడ పక్కన చోటు వచ్చిందని, ఇంకా తెమ్మన్నారని. తాడేపల్లి గది సంగతి కూడా అయ్యగారికి తెలుసు. ఆయన కొంచెం ఆలోచించి, మెత్తగా అన్నారు, "అమ్మా, మీరు పోయారని ఎక్కడైనా రాశారా?"

"లేదండి."

"మరి అబద్ధం ఎక్కడుంది? జనం అనుకుంటే మనదా తప్పు? కొన్నాళ్ళు అట్టా పోనివ్వండి."

మా అత్త చీటీని ఒళ్ళో పెట్టుకుని దాని అంచులు సరిచేస్తూ కూర్చుంది. చీటీలన్నీ పారేసి మళ్ళీ అచ్చు వేయించే స్థోమత లేదు. దండ ఉంటే కొట్లో ముందు వరస, తీస్తే ఫినాయిలు సీసాలు. ఇదంతా ఆవిడకి నాకన్నా బాగా తెలుసు. "అయ్యగారూ," అంది చివరికి, "నాంచారి ఇందాక ఏడ్చింది చూశారూ, అది నిజం ఏడుపండి. శేషయ్య ఏడ్చింది గూడా నిజమే. నేను కారం అమ్ముకోగలను గానీ, వాళ్ళ ఏడుపులు అమ్ముకోలేనండి." అయ్యగారు కాఫీ గ్లాసు కింద పెట్టి, ప్రార్థన చేస్తానన్నారు. మధ్యలో ఆయనకీ తుమ్ము వచ్చింది.

మర్నాడు ఆదివారం. సోమవారం నన్ను వెంటపెట్టుకుని కోర్టు దగ్గర రబ్బరు స్టాంపులు చేసే మనిషి దగ్గరికి వెళ్ళింది. అతను కలం తీసుకుని, "ఏ ఆఫీసమ్మా?" అన్నాడు. "ఆఫీసు కాదు. 'నేను బతికే ఉన్నాను – రాహేలమ్మ' అని చెయ్యి," అంది. అతను కలం ఆపి, "పెన్షన్ ఆఫీసు వాళ్ళు ఇట్టా గూడా అడుగుతున్నారా?" అన్నాడు. సాయంత్రాలు నేను వసారాలో కూర్చుని, ఊదారంగు సిరాతో ప్రతి చీటీ మీదా దండకి అడ్డంగా ఆ ముద్ర కొట్టాను. నా చెయ్యి ఎడమ పక్కకి వాలుతుంది, అందుకని మా అత్త బతికే ఉన్న సంగతి కొంచెం వంకరగా పడింది. పరీక్షల నాటికి కూడా నా వేళ్ళు ఊదారంగులోనే ఉన్నాయి. ఇన్విజిలేటరు పరీక్ష మొదలవకముందే నన్ను రెండుసార్లు సోదా చేశాడు.

ఆ శనివారం సంచులతో పాటు అత్త కూడా బస్సెక్కింది. ఏళ్ళ తర్వాత, తెల్ల నేత చీర కట్టుకుని. శేషయ్యగారి కొట్లోకి మొదట సంచి, తర్వాత నేను, నా వెనక ఆవిడ. శేషయ్యగారు లేచి నిలబడి, కూర్చుని, మళ్ళీ లేచాడు. ఏం చెయ్యాలో తోచక అగరొత్తి తీసి వెనక దాచబోయాడు. "ఉండనియ్యండి శేషయ్యగారూ, వాసన బాగుంది," అని అత్త బియ్యం బస్తా మీద కూర్చుంది. ఆయన ముద్ర ఉన్న ప్యాకెట్టు తీసుకుని చదివి, "ఎక్కడన్నా మనం బతికున్నామని మనమే వేసుకుంటామా అమ్మా?" అన్నాడు. "నేను వేసుకోకపోతే ఎవరేస్తారండీ? మీరు దండేశారు, నేను ముద్రేశా," అంది. "దండ వేసింది నేను కాదు గదమ్మా," అన్నాడాయన. "అగరొత్తి మీదేగా?" అంది.

మధ్యాహ్నానికి కబురు బజారంతా పాకింది. ఆడవాళ్ళు వచ్చి ఆవిడ్ని చూసి, కొందరు ముట్టుకుని కూడా చూశారు. ఒకావిడ, "మీరు పోయారని విని రెండు ప్యాకెట్లు ఎక్కువ కొన్నా," అని నిష్ఠూరంగా అంది. "బతికానని తెలిసింది గదా, ఇప్పుడు తగ్గిస్తావా?" అంది అత్త. అందరూ నవ్వారు, ఆవిడ ఇంకో ప్యాకెట్టు తీసుకుంది. ఇంకొకావిడ కొంచెం తటపటాయించి, దగ్గరికి వచ్చి, "పోయినోళ్ళని అనకూడదని ఊరుకున్నా పిన్నిగారూ. మీ కారంలో ఉప్పు ఎక్కువ," అంది. ఒక్కసారి ఆ తలుపు తెరుచుకుందో లేదో మిగతావాళ్ళూ అందుకున్నారు. వెల్లుల్లి వద్దనే ఇళ్ళున్నాయని, చిన్న ప్యాకెట్లు కావాలని, కవరు మూతి కొవ్వొత్తికి అతికించిన చోట చిల్లు పడుతోందని. అత్త అన్నీ విన్నది, ఏదీ రాసుకోలేదు. తిరుగు బస్సులో చాలాసేపు కిటికీలోంచి మిరపచేల వంక చూసి, "మనం పోయాక జనం ఏమనుకుంటారోనని ఊరికే భయపడతాం గానీ, ఏమీ లేదురా అల్లుడూ," అంది. "ఉప్పెక్కువ అనుకుంటారు. అంతే."

ఉప్పు తగ్గింది. తాడేపల్లి గది అద్దెకిచ్చారు. తర్వాత ప్రతి శనివారం ఆవిడే బస్సెక్కేది, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ. చీటీలు అయిపోయాక కొత్తవి వేయిస్తూ దండ తీసేస్తానని దావీదు దోషిలా తల వంచుకుని వచ్చాడు. కొట్లవాళ్ళు ఒప్పుకోలేదు. బతికే ఉన్నావిడ కారం ఇమ్మని జనం అడుగుతున్నారట. దాంతో దండా, వంకర ముద్రా రెండూ కలిపే అచ్చయ్యాయి. చీటీ పోయి ప్యాకెట్టు వచ్చింది, రోలు పోయి మర వచ్చింది, నేను ఉద్యోగానికి వెళ్ళిపోయాను, షారోన్ వచ్చింది. ముద్ర మాత్రం నా చెయ్యి వాలిన వైపే వాలి ఉంది. ఏటా కొత్త అచ్చు వచ్చినప్పుడు అత్త ఒక ప్యాకెట్టు చేతిలోకి తీసుకుని ఆ మాట పైకి చదువుకునేది. "ఈ సంవత్సరానికి నిజమే," అని పక్కన పెట్టేది.

ఇప్పుడు విజయవాడ డిజైనర్ అంటాడు, మిగతా అన్నీ మార్చొచ్చు గానీ ఆ మాట కదపొద్దని. జనం దాన్ని ఫోటోలు తీసి ఫోన్లలో పంపుకుంటున్నారట. అంత బలమైన మాట ఏ కంపెనీకీ దొరకదట. అతను చెప్పింది అబద్ధం కాదు. తెలివైన మనిషి, తన పని తనకి తెలుసు. మా రోజుల్లో కొట్టు ముందు వరసలోకి రావాలంటే ఒక మనిషి బియ్యం బస్తా మీద పూటంతా కూర్చోవలసి వచ్చింది. ఇప్పుడు నల్లగళ్ళ ముక్క చాలు. ఇది మేలే. మా అత్త మోకాళ్ళు అరిగింది ఆ బస్సుల్లోనే. కానీ ఆ గళ్ళ ముక్కకి ఉప్పెక్కువని ఎవరూ చెప్పరు, చెప్పినా నక్షత్రాలు తగ్గించి ఊరుకుంటారు.

"నువ్వేమనుకుంటున్నావు?" అన్నాను షారోన్‌తో.

"ఆ మాట ఉంటే అమ్ముడుపోద్ది మావయ్యా. తీస్తే ఏమవుద్దో నాకు తెలీదు. నాతో కలిపి పదిమంది ఆడవాళ్ళు దీని మీదే బతుకుతున్నారు." ప్యాకెట్టుని బల్ల మీద బోర్లా పెట్టింది. "కానీ ఈ ఏడు అచ్చు వచ్చినప్పుడు దాన్ని ఎవరు పైకి చదవాలి? నా వల్ల కాదు."

కుండ వద్దంది. నవ్వే అమ్మాయి వద్దంది. అత్త ముఖం మీద ముడతలు, చుట్టూ దండ మళ్ళీ పెట్టించింది. ఊదారంగు మాట తీయించింది. తీసిన చోట ఏదన్నా పెడదామని డిజైనర్ చాలా చెప్పాడు. ఏమీ పెట్టొద్దంది. అట్లా దావీదు వేసిన బొమ్మ, అతను వేసింది వేసినట్టుగా, ఆ మొదటి చీటీల తర్వాత మళ్ళీ ఇప్పుడు అచ్చయింది. దండ కింద ఎక్కడో ఆ పక్కావిడ చెయ్యి ఇంకా మా అత్త భుజం మీదే ఉంది.

మొదటి పెట్టె నేనే పొన్నూరు తీసుకెళ్ళాను. శేషయ్యగారి కొట్టు ఇప్పుడు ఆయన కొడుకు చూస్తున్నాడు. అద్దాల తలుపులు, ఏసీ, బిల్లు కొట్టే మెషిను. ఫోనులో ఎవరితోనో ఆర్డరు గురించి గట్టిగా మాట్లాడుతూనే పెట్టె టేపు చింపి, ఒక ప్యాకెట్టు పైకి తీశాడు. అలవాటుగా అరలో పెట్టబోయి, ఆగి, మళ్ళీ చూశాడు. వేలితో దండ మీద తడిమాడు, ఆ మాట ఉండవలసిన చోట. అవతలి మనిషికి మళ్ళీ చేస్తానని చెప్పి ఫోను పెట్టేశాడు.

"ఎప్పుడు మాస్టారూ?"

"వానల్లో."

"మంచంలో ఏమన్నా..."

"లేదు. బాగానే వెళ్ళింది."

అతను తల ఊపాడు. తర్వాత ప్యాకెట్టుని బిల్లు మెషిను పక్కన ఎదురుగా కనపడేట్టు నిలబెట్టి, ఏసీ కట్టేసి, అద్దాల తలుపులు బార్లా తెరిచి, అగరొత్తి వెలిగించాడు.